గప్పీ పిల్లల వల పెట్టె: మూడేళ్లు వాడాక

అక్వేరియం లోపలి గోడకు తగిలించే వల పెట్టె ఎట్లా ఉంటుందో గప్పీలు పెంచేవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. తెలియనివాళ్లకు: గప్పీ అంటే గుడ్లు కాకుండా పిల్లల్నే పెట్టే బుల్లి చేప, ఆ పిల్లల్ని పెద్ద చేపలు తినెయ్యకుండా తొట్టిలోనే విడిగా ఉంచేది ఈ పెట్టె. నాకు దాని మీద ఉన్న ప్రేమకు కారణం ఒక్కటే. పిల్లలు ఏ నీళ్లలో పెరుగుతాయో ఆ నీళ్లలోనే పెద్దవాటితో కలుస్తాయి.

ఆ ఒక్క సంగతి విలువ రెండు ఈతల పిల్లల్ని పోగొట్టుకున్నాకే నాకు తెలిసింది. మాది కావలి. అప్పట్లో పిల్లల్ని విడిగా ప్లాస్టిక్ బేసిన్‌లో పెంచేదాన్ని. చిటికెడు తిండి ఎక్కువైతే సాయంత్రానికి నీళ్లు తెల్లగా మసకబారి వాసనొచ్చేవి. రోజూ సగం నీళ్లు తీసి పోస్తూ నెల రోజులు సాకి, ఇరవైకి పైగా పిల్లల్ని పెద్ద తొట్టిలో వదిలితే తెల్లారేసరికి తొమ్మిదే మిగిలాయి. పెద్ద చేపలు తిన్నాయనుకుంటే సరిపెట్టుకునేదాన్నేమో. కానీ చచ్చినవి చచ్చినట్టే అడుగున పడున్నాయి. బేసిన్‌లో పోసింది నిలవబెట్టిన కుళాయి నీళ్లు, తొట్టిలో ఉన్నది సబ్బు నురగ రాని మా బోరు నీళ్లు. అలాంటి నీళ్లు గప్పీలకు బాగానే పడతాయి, ఒక్కసారిగా మార్చితేనే తట్టుకోలేవు. రెండో ఈతకు కొంచెం కొంచెంగా నీళ్లు కలిపి వదిలాను. అప్పటికీ సగం పోయాయి.

2023 మొదట్లో వల పెట్టె కొన్నాక ఆ బాధ తీరిపోయింది. నేను ఇంట్లో మిషను కుడతాను, తొట్టి మిషను పక్కనే ఉంటుంది. తెల్లవారుజామున చూలు గప్పీ పొట్ట తగ్గినట్టు కనపడితే నాచులో వెతికి, పిల్లల్ని టీ వడకట్టుతో నీళ్లు ఒలకకుండా పెట్టెలోకి దించుతాను. తల్లిని మాత్రం పెట్టెలో వెయ్యను. ఒకసారి వేస్తే అది వలకేసి కొట్టుకుని, ఆరు పిల్లల్ని పెట్టి అంతటితో ఆపేసింది. ఆ ఏడాది డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మా వీధిలో ఒకటిన్నర రోజు కరెంటు లేదు. గాలి పంపు ఆగిపోయింది. తిండి పూర్తిగా మానేసి, గంటకోసారి మగ్గుతో నీళ్లు ఎత్తి పోశాను. పెట్టెలో ఉన్న పిల్లల్లో ఒక్కటీ పోలేదు. వాటి చుట్టూ తొట్టెడు నీళ్లున్నాయి మరి. బేసిన్‌లో అయితే ఆ రాత్రికే ఊపిరాడక పోయేవి.

అప్పట్లో అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ రెండేసి పెట్టెలు కొనుక్కోమని చెప్పాను. ఇప్పుడు ఆ మాట చెప్పను.

2024 మే నెలాఖరు, రోహిణి కార్తె. ఆ ఎండలకు తొట్టిలో నీళ్లు రోజూ తగ్గిపోతుంటాయి, నీళ్ల వేడి 32 డిగ్రీలు దాటుతుంది. పెట్టెను అద్దానికి పట్టి ఉంచే రబ్బరు బిళ్లలు అప్పటికే గట్టిపడున్నాయి. నేను గమనించలేదు. రెండు రోజులకని కందుకూరు వెళ్లాను. మధ్యాహ్నం మావాడు ఫోన్ చేసి, "అమ్మా, పెట్టె ఒక పక్క ములిగిపోయింది, పిల్లలు కనపడ్డంలా" అన్నాడు. అందులో 46 ఉన్నాయి, పదకొండో రోజు పిల్లలు. తొట్టిలో చిన్న చేపల్ని మింగేసే ఏంజెల్ చేపలు రెండు. వాడు చెయ్యి పెట్టి మూల పైకెత్తేసరికి పెట్టెలో తొమ్మిదే మిగిలాయి. బస్సు దిగి ఇంటికొచ్చి, టార్చి పట్టుకుని రాత్రి పదకొండు దాకా నాచులో లెక్కపెడితే ఇంకో పదకొండు కనపడ్డాయి. మిగతా 26 లేవు. ఆ రాత్రి నాకు అన్నం దిగలేదు.

నాచులో ఉన్నవాటిని పట్టబోతే ఇంకా చెదిరి పెద్దవాటి నోట పడతాయని అక్కడే వదిలేశాను. ఏంజెల్ జంటను మర్నాడే తెలిసినవాళ్లకు ఇచ్చేశాను. నెల తిరిగేసరికి పెట్టెలోని తొమ్మిదినీ నాచులోని పదకొండునూ పక్కపక్కన చూసి ఆశ్చర్యపోయాను. ఒకే తల్లి, ఒకే రోజు పుట్టినవి. నాచులో దాక్కుని బతికినవి స్పష్టంగా పెద్దవి. మగవాటి తోకలు విచ్చుకుని నారింజ రంగు తేలింది. పెట్టెలోవి ఇంకా సూదుల్లా ఉన్నాయి. నాచులో ఉన్నవి పొద్దస్తమానం ఆకుల మీది పాచి, సూక్ష్మ జీవాలు గిల్లుకుని తింటూ తొట్టి అంతా ఈదాయి. పెట్టెలోవి నేనెప్పుడు తిండి వేస్తానా అని చూస్తూ అరచేయంత చోటులో తిరిగాయి. పైగా మిగిలిన తిండి వల అడుగున పేరుకుని, వల కళ్లు జిగురుతో మూసుకుపోతాయి. రెండు రోజులకోసారి మెత్తటి బ్రష్షుతో తోమకపోతే లోపలి నీళ్లు పెద్ద నీళ్లతో కలవవు. ఏ గుణం చూసి కొన్నానో అదే పోతుంది.

తిండి సంగతి కూడా చెప్పాలి. మా తమ్ముడు తీరంలో రొయ్యల హేచరీలో పనిచేస్తాడు. "అక్కా, మా రొయ్య పిల్లలకు పెట్టేది ఇదే, రెండు చిటికెలు పొదిగించి చూడు" అని ఆర్టీమియా, అంటే ఉప్పునీళ్లలో బతికే బుల్లి రొయ్యలాంటి పురుగు, దాని గుడ్లు చిన్న సీసాలో తెచ్చిచ్చాడు. లీటరు నీళ్లకు 25 గ్రాముల కల్లుప్పు వేసి, గాలి గొట్టం పెట్టి, ఒక రోజు ఉంచితే పిల్లలొస్తాయి. గాలి ఆపేసి అడుగున ఫోను లైటు పెడితే పెంకులు పైకి తేలి, నారింజ రంగు పిల్లలన్నీ వెలుతురు దగ్గరికి చేరతాయి. గుడ్డలో వడకట్టి మంచినీళ్లతో కడిగి వేస్తాను. గప్పీ పిల్లలు పది నిమిషాల్లో పొట్టలు నారింజగా నిండి తిరుగుతుంటే కుట్టే బట్ట పక్కన పెట్టి చూస్తూ కూర్చుంటాను. చిక్కేమిటంటే ఆ ఆర్టీమియా వల కళ్లలోంచి బయటికి పోతుంది, పెద్ద చేపలు వల చుట్టూ చేరి కాచుకుంటాయి. లోపల నైలాన్ చున్నీ ముక్క కుట్టి చూశాను, వారానికే జిగురు పట్టి మూసుకుపోయింది, విప్పేశాను. ఇప్పుడు పంపు కాసేపు ఆపి, ఇంకు ఫిల్లరుతో పెట్టె మధ్యలో కొంచెం కొంచెం వేస్తున్నాను.

ఒకే నీళ్లు అన్నానే, దానికీ ఒక దెబ్బ ఉంది. నిరుడు ఉగాది ముందు గప్పీల జాతివే అయిన మోలీ చేపలు రెండు తెచ్చి నేరుగా తొట్టిలో వేశాను. వాటితో తెల్ల మచ్చల జబ్బు వచ్చింది. పెద్దవి చాలావరకు కోలుకున్నాయి, పెట్టెలోని పిల్లలు కోలుకోలేదు. అప్పట్నుంచి కొత్త చేపలు ఏవైనా మూడు వారాలు ఆ పాత బేసిన్‌లోనే ఉంటున్నాయి.

రబ్బరు బిళ్లలు పీకేశాను. తొట్టి అంచుల మీద అడ్డంగా వెదురు పుల్ల పెట్టి, పెట్టె నాలుగు మూలలనూ నైలాన్ దారంతో దానికి కట్టాను. ఆ తర్వాత ఒక్కసారీ జారలేదు. వేసవిలో రోజూ సాయంత్రం తగ్గిన మేర మగ్గుతో నీళ్లు కలుపుతాను. పిల్లల్ని ఇరవై రోజులు పెట్టెలో ఉంచి, దట్టంగా నాచున్న మూలలో వదిలేస్తాను. నా తొట్టిలో ఇప్పుడు గప్పీలూ మోలీలే, ఆ వయసు పిల్ల వాటి నోట పట్టదు. ఏంజెల్ ఉన్నవాళ్లు ఇంకో నెలైనా ఆగాలి.

రోజుకు నాలుగైదుసార్లు తిండి వెయ్యడం, వల తోమడం నేను ఇంట్లో ఉంటాను కాబట్టి కుదురుతోంది. పొద్దున పోయి రాత్రికి వచ్చేవాళ్లయితే పెట్టె కొనేకంటే తొట్టిలో సగం నాచు నింపుకోవడం మేలేమో. తక్కువ బతుకుతాయి, బతికినవి బలంగా ఉంటాయి. నాకు మాత్రం ఆ 26 గుర్తొస్తాయి, అందుకే పెట్టె తీసెయ్యలేదు. ఇవాళ అందులో 19 ఉన్నాయి. పన్నెండో రోజు.