పూల్‌లోంచి తీసుకోవాలా, కొత్తది చేసుకోవాలా?

ఇరానీ హోటల్లో కప్పూ సాసరూ కడిగి మళ్లీ వాడతారు. మాదాపూర్‌లో మా ఆఫీసు ముందు బండి దగ్గరైతే పేపర్ కప్పు, తాగి పారేయడమే. ప్రోగ్రాముల్లో ఆబ్జెక్టుల (డేటాను పట్టుకునే ముక్కల) సంగతీ ఇంతే: వాడినదాన్ని పారేయకుండా మళ్లీ వాడుకోవడానికి దాచిపెట్టే చోటే పూల్.

ఖర్చు
కొత్తది: జావాలో చిన్న ఆబ్జెక్టు చేయడం చాలా చౌక. చెత్త సంగతి, అంటే వాడకం అయిపోయిన ఆబ్జెక్టుల మెమరీని ఖాళీ చేయడం, గార్బేజ్ కలెక్టర్ చూసుకుంటుంది.
పూల్: డేటాబేస్ కనెక్షన్లకు ఇదే మేలు. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో ప్రతి కొత్త కనెక్షన్‌కీ ఒక ప్రాసెస్ (విడిగా నడిచే ప్రోగ్రాం) పుట్టాలి మరి.

శ్రమ
కొత్తది: వాడి వదిలేయడమే.
పూల్: తిరిగివ్వాలి, కడగాలి (పాత డేటా తుడవాలి), పాతబడితే తీసేయాలి. హికారీసీపీ లాంటి జావా కనెక్షన్ పూల్ లైబ్రరీ కొంత మోస్తుంది: డిఫాల్ట్‌గా గరిష్ఠం 10 కనెక్షన్లు, ఒక్కోదాని ఆయుష్షు 30 నిమిషాలు.

రిస్క్
అసలు తలనొప్పి ఇక్కడే, అదీ పూల్ వైపే. ఒకసారి మా కోడ్‌లో ఎర్రర్ వచ్చిన దారిలో కనెక్షన్ తిరిగివ్వడం మర్చిపోయాం. పదీ అయిపోయాయి, పదకొండో రిక్వెస్టు గుమ్మంలోనే నిలబడింది. శుక్రవారం సాయంత్రం, ఆ టెన్షన్ వేరే చెప్పాలా! కడగని బఫర్ (డేటాను కాసేపు ఉంచే మెమరీ) ఇంకా ప్రమాదం: ఒకరి డేటా ఇంకొకరికి కనిపిస్తుంది. లెక్క కూడా చూసుకోవాలి. పోస్ట్‌గ్రెస్ డిఫాల్ట్ పరిమితి 100 కనెక్షన్లు; పన్నెండు సర్వర్లు తలా 10 తెరిస్తే 120.

కనెక్షన్లు, థ్రెడ్లు (ప్రోగ్రాంలో ఒకేసారి నడిచే పనులు), పెద్ద బఫర్లు అయితే పూల్ పెట్టండి. మామూలు డేటా ఆబ్జెక్టులకు పేపర్ కప్పే నయం. ప్రొఫైలర్ (ప్రోగ్రాం ఎక్కడ నెమ్మదిస్తోందో కొలిచే టూల్) అది వద్దని చూపిస్తే అప్పుడు మార్చండి.