ట్యాంకులో మనిషి పడిపోయాక మొదటి పది నిమిషాలు: మా ప్లాంటులో జరిగిన రెండు రోజుల శిక్షణపై సమీక్ష

భీమవరం పరిసరాల్లోని ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో, మెయింటెనెన్స్ విభాగంలో నేను పనిచేస్తున్నాను. కిందటి నెల మా యాజమాన్యం ఒక ప్రైవేటు శిక్షణ సంస్థను పిలిపించి, మాలో పద్నాలుగు మందికి రెండు రోజుల తరగతులు పెట్టించింది. మురుగునీటి ట్యాంకులోనో సంపులోనో మనిషి స్పృహ తప్పి పడిపోతే, అగ్నిమాపక సిబ్బంది వచ్చేలోపు అక్కడున్నవాళ్లు ఏం చేయాలి, ఏం చేయకూడదు అన్నదే విషయం. మనిషికి మూడు వేల రూపాయలు, జీఎస్‌టీ అదనం. ఇలాంటి శిక్షణ కోసం వెతుకుతున్న ఇతర ప్లాంట్ల వారికి పనికివస్తుందని, బాగున్నవీ బాగోలేనివీ రెండూ రాస్తున్నాను.

మా ప్రాంతంలో ఈ విషయం ఎవరికీ కొత్త కాదు. 2017 మార్చి 30న మొగల్తూరు మండలంలో ఆక్వా ప్లాంటు ట్యాంకు శుభ్రం చేస్తూ ఐదుగురు కార్మికులు ఒకేసారి చనిపోయారు. రొయ్యల తలలు, పొట్టు, కడిగిన నీళ్లు గాలి ఆడని చోట కుళ్లినప్పుడు హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు పుడుతుంది. పైకి నిశ్చలంగా కనిపించే ఆ బురదలో అది ఇమిడి ఉండి, ఎవరైనా దిగి కాలితోనో పారతోనో కదిలించిన క్షణంలో ఒక్కసారిగా పైకి లేస్తుంది. మా ప్లాంటుకు ఫైరింజన్ చేరడానికి ఇరవై నిమిషాలైనా పడుతుంది. గన్నవరం దగ్గర కొండపావులూరులో ఉన్న జాతీయ విపత్తు ప్రతిస్పందన దళం పదో బెటాలియన్ నుంచి బృందం రావాలంటే రోడ్డు మీదే దాదాపు రెండు గంటలు. అందుకే ఆ మధ్య సమయం పూర్తిగా మా చేతుల్లోనే ఉంటుంది.

ఈ శిక్షణలో నన్ను ఎక్కువగా కదిలించినది మొదటి రోజు ఉదయం జరిగిన ఒక ప్రయోగం. వాడకంలో లేని, కడిగి ఆరబెట్టిన సంపులో ఇసుక నింపిన గోనెసంచికి ప్యాంటూ చొక్కా తొడిగి ముందే పడుకోబెట్టారు. మాకెవరికీ చెప్పకుండా, టీ తాగుతున్న సమయంలో శిక్షకుల్లో ఒకరు "లోపల పడిపోయాడు, రండి రండి" అని అరిచారు. మా హెల్పర్ కుర్రవాడొకడు గ్లాసు పక్కన పడేసి పరుగెత్తి, మిగతావాళ్లం లేచేలోపే ఒక కాలు సంపు నోట్లో పెట్టేశాడు. నిచ్చెన మెట్టు మీద అతని పాదం ఆనే సమయానికి శిక్షకుడు వెనకనుంచి చొక్కా పట్టుకుని ఆపారు. "ఎందుకు దిగుతున్నావు తమ్ముడూ?" అని అడిగితే, "మనవాడు పడిపోతే చూస్తూ నిలబడతామా సార్?" అన్నాడు. ఆ శిక్షకుడు అతన్ని మందలించలేదు. ఆ మాటలో తప్పేమీ లేదని, అయితే అలా పరుగెత్తే మంచి మనుషులే ఇలాంటి ప్రమాదాల్లో ఎక్కువగా చనిపోతున్నారని నెమ్మదిగా చెప్పారు. అమెరికాలోని వృత్తి భద్రత పరిశోధన సంస్థ నియోష్ 1986లోనే, ఇరుకు ప్రదేశాల మరణాల్లో 60 శాతానికి పైగా కాపాడబోయినవారివేనని హెచ్చరించిన సంగతి అప్పుడు వివరించారు. ఆ కుర్రవాడు చాలాసేపు ఎవరితోనూ మాట్లాడలేదు.

ఆ రెండు రోజుల్లో మిగతా సమయమంతా నడిచినది ఆ ఒక్క సంఘటన చుట్టూనే అనవచ్చు. దిగకుండా చేయగలిగినది చాలా ఉందని వాళ్లు ఒక్కొక్కటిగా చేతులతో చేయించి చూపించారు. ముందుగా ఒక మనిషిని ట్యాంకు నోటి దగ్గర కాపలా పెట్టాలి. ఎవరినీ దిగనివ్వకపోవడమే అతని పని, బంధువులు ఏడ్చి మీద పడినా సరే. ఇంకొకరు 112కు గానీ 101కి గానీ ఫోన్ చేసి, "మనిషి పడిపోయాడు" అని వదిలేయకుండా, గ్యాసు ఉన్న ట్యాంకులో ఎంతమంది ఉన్నారో స్పష్టంగా చెప్పాలి. గాలి సిలిండరు, ముఖానికి బిగించే మాస్కు ఉన్న సిబ్బంది కావాలని అడగాలి. ట్యాంకులోకి నీరు వచ్చే వాల్వులు మూసి, మోటార్ల కరెంటు తీసి, మళ్లీ ఎవరూ వేయకుండా తాళం వేయాలి. ఆ తర్వాత గాలి ఎటు నుంచి వీస్తోందో చూసుకుని అటువైపే నిలబడి, బ్లోయరు (గాలి ఊదే యంత్రం) గొట్టాన్ని ట్యాంకు అడుగుభాగం దాకా దించి శుభ్రమైన గాలి పంపాలి. హైడ్రోజన్ సల్ఫైడ్ గాలికంటే బరువైనది కాబట్టి ట్యాంకు నోటి దగ్గర గాలి ఊదితే అడుగున ఉన్న మనిషికి అందదు. డీజిల్ జనరేటరును బ్లోయరు పక్కనే పెడితే దాని పొగే లోపలికి వెళుతుందన్న మాట విన్నాక, మా ప్లాంటులో ఆ రెండూ ఇన్నాళ్లూ పక్కపక్కనే ఉన్నాయని గుర్తొచ్చి నాకు గుండె జారిపోయింది. వెల్డింగ్ కోసం ఉంచిన ఆక్సిజన్ సిలిండరును లోపలికి వదలడం ఇంకా ప్రమాదమని, చిన్న నిప్పురవ్వ చాలునని కూడా చెప్పారు.

గ్యాసు పాఠం చక్కగా సాగింది. మామూలు గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం, 19.5కు తగ్గితే గ్యాసును కొలిచే పరికరం, అంటే డిటెక్టరు, మోగుతుంది. కుళ్లిన గుడ్డు వాసన వస్తే గ్యాసు ఉన్నట్టు, వాసన పోతే గ్యాసు పోయినట్టు అని మేమందరం నమ్మేవాళ్లం. 100 పీపీఎం (పది లక్షల వంతుల గాలిలో వంద వంతుల గ్యాసు) దాటేసరికి ముక్కు ఆ వాసనను పసిగట్టడమే మానేస్తుందట. అంటే వాసన ఆగిపోయిన చోటే చావు ఎదురుచూస్తూ ఉండవచ్చు. మా తాతయ్య కాలంలో పాడుబడ్డ నూతిలోకి దిగేముందు లాంతరు దించి చూసేవారు, ఆకులున్న వేపకొమ్మను తాడుకు కట్టి పైకీ కిందికీ ఆడించేవారు. ఇది నేను అడిగితే శిక్షకులు తీసిపారేయకుండా సమాధానం చెప్పారు. లాంతరు ఆరిపోతే ఆక్సిజన్ తక్కువని తెలుస్తుంది కానీ, విషవాయువు మనిషిని చంపేంత ఉన్నా దీపం వెలుగుతూనే ఉండవచ్చు. పైగా మురుగు ట్యాంకులో మండే వాయువైన మీథేన్ ఉంటే ఆ దీపమే పేలుడుకు కారణమవుతుంది. ముక్కుకు కట్టుకునే తడిగుడ్డ, పెయింటర్లు వాడే మాస్కు ఆక్సిజన్ లేని చోట ఎందుకూ కొరగావని కూడా అక్కడే తేలిపోయింది.

ట్రైపాడ్ (ట్యాంకు నోటిపై నిలిపే మూడు కాళ్ల స్టాండు), విన్చ్ (హ్యాండిల్ తిప్పి తాడు లాగే యంత్రం) అభ్యాసానికి పూట మొత్తం కేటాయించడం సరైన నిర్ణయం. మనిషి దిగకముందే ఒంటికి హార్నెస్ (ఒళ్లంతా పట్టి ఉంచే బెల్టుల కూర్పు) తొడిగి తాడు తగిలించి ఉంటే, పైనున్న ఇద్దరు హ్యాండిల్ తిప్పి అతన్ని రెండు మూడు నిమిషాల్లో బయటికి లాగవచ్చు. తాడు లేకుండా దిగితే ఆ యంత్రం పైన ఉండీ ప్రయోజనం లేదు. డెబ్బై కిలోల గోనెసంచిని నేనే లాగాను. భుజం వెనక హుక్కు ఉంటే సంచి నిటారుగా, సాఫీగా వచ్చింది. నడుముకు మాత్రమే బెల్టు కట్టినప్పుడు అది మధ్యకు వంగి నోటి అంచుకు తట్టుకుని ఇరుక్కుపోయింది. ఆ తేడా ఎన్ని ఉపన్యాసాలు విన్నా తెలిసేది కాదు.

నాకు బాగా నచ్చిన మరో అంశం, వచ్చే బృందం కోసం కాగితం మీద వివరాలు రాసి సిద్ధంగా ఉంచడం. లోపల ఎంతమంది, ఎప్పుడు పడ్డారు, ట్యాంకు లోతెంత, నోరు ఎన్ని అంగుళాలు, అందులో ఏముంది, డిటెక్టరు అంకెలు ఏ లోతులో ఎంత, మనం ఇంతవరకు ఏం చేశాం అన్న వివరాలతో ఒకరు గేటు దగ్గర నిలబడి ఎదురెళ్లాలి. వీపున సిలిండరుతో రెండడుగుల నోటిలోంచి దిగడం కష్టం కాబట్టి, నోటి కొలత ముందే తెలిస్తే వాళ్లు వాహనం దిగేలోపే పద్ధతి నిర్ణయించుకోగలరు. నిమిషానికి 100 నుంచి 120 సార్లు ఛాతీ నొక్కే సీపీఆర్ కూడా నేర్పారు. అయితే బయటికి తీసిన మనిషిని ట్యాంకు నోటికి దూరంగా, గాలి తగిలే చోటికి చేర్చాకే అది మొదలుపెట్టాలని నొక్కి చెప్పారు.

లోపాలు లేకపోలేదు. రెండో రోజు పాఠం స్లైడులన్నీ ఇంగ్లిషులోనే ఉన్నాయి; వెనక వరుసలో కూర్చున్న హెల్పర్లకు సగం అర్థం కాలేదు. మాకు చూపించిన రెండు డిటెక్టర్లలో ఒకదాని క్యాలిబ్రేషన్ (అంకెలు సరిగ్గా చూపుతోందో లేదో సరిచూసే పరీక్ష) గడువు ఎప్పుడో ముగిసిందని దాని స్టిక్కరే చెబుతోంది. ప్రాణం ఆ అంకె మీద ఆధారపడుతుందని నేర్పేవారు ఇలాంటి పరికరం తేవడం క్షమించదగినది కాదు. అడిగితే "డెమో కోసమే" అన్నారు. చేతిపుస్తకం (హ్యాండ్‌బుక్) పేరుతో ఇచ్చినది నాలుగు జిరాక్సు పేజీలు. అన్నిటికంటే పెద్ద లోటు మాత్రం మా యాజమాన్యానిదే: నిజంగా ట్యాంకుల్లో దిగేది కాంట్రాక్టు కూలీలు, ఆ పద్నాలుగు మందిలో వాళ్లు ఒక్కరూ లేరు.

ఇన్ని లోపాలున్నా, చేతులతో చేయించిన పద్ధతిని బట్టి ఐదుకు నాలుగు మార్కులు ఇస్తాను. ఇలాంటి శిక్షణ మాట్లాడుకునేవారు డబ్బు కట్టేముందు మూడు విషయాలు రాతపూర్వకంగా తీసుకోండి: పాఠం తెలుగులో ఉండాలి, డిటెక్టర్ల క్యాలిబ్రేషన్ పత్రం చూపాలి, ట్యాంకులు కడిగే కాంట్రాక్టు మనుషులు తరగతిలో కూర్చోవాలి. మా పట్టు మీద ఆ సంస్థ కూలీల కోసం ఒక పూట ఉచితంగా తరగతి పెట్టడానికి ఒప్పుకుంది. ఆ రోజు విన్చ్ దగ్గర నిలబడి వాళ్లకు చూపించే పనికి, సంపులో కాలు పెట్టిన ఆ కుర్రవాడే తన పేరు ఇచ్చాడు.