బయోజీమ్: గ్రాంటు లేని పరిశోధకుల సాఫ్ట్‌వేర్

ట్రాన్స్‌పోర్టేషన్‌లో పీహెచ్‌డీకి చేరినవాళ్లు ముందుగా అడిగేది "మేడమ్, ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి?" అనే. నేను చెప్పేది బయోజీమ్. స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో ఉన్న ఈపీఎఫ్ఎల్ అనే సాంకేతిక విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ మిషెల్ బియర్లేర్ తయారుచేశారు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో నడుస్తుంది, పైసా ఖర్చు లేదు. మాకొచ్చే గ్రాంటు సర్వే కుర్రాళ్ల చాయ్, బస్సు ఖర్చులకే చాలదు, ఇక లైసెన్సులేం కొంటాం!

టైము, డబ్బు చూసుకుని మనుషులు బస్సెక్కుతారా, ఆటో ఎక్కుతారా, బండి తీస్తారా అన్నది లెక్కగట్టడం దీని పని. స్విస్‌మెట్రో డేటాతో మొదలుపెట్టండి. భూగర్భంలో మాగ్లెవ్ రైలు (అయస్కాంత శక్తితో గాల్లో తేలుతూ పరిగెత్తేది) వస్తే ఎక్కుతారా అని 1998లో స్విట్జర్లాండ్ ప్రయాణికులను అడిగిన సర్వే అది. ఆ రైలు కట్టనే లేదు, సర్వే మాత్రం మా ఎమ్‌టెక్ పిల్లలకు ఇప్పటికీ తిండి పెడుతోంది. మొదటి ఉదాహరణలో వడపోత అయ్యాక 6,768 వరసలు మిగలాలి. టైము, ఖర్చు పెరిగితే ఎక్కాలన్న మొగ్గు ఎంత తగ్గుతుందో చెప్పే గుణకాలు టైముకు మైనస్ 1.28, ఖర్చుకు మైనస్ 1.08 రావాలి. మొదటిదాన్ని రెండోదానితో భాగించి 60తో గుణిస్తే గంట విలువ, అంటే గంట ప్రయాణం తగ్గడానికి మనిషి ఇవ్వడానికి సిద్ధపడే సొమ్ము, 71 ఫ్రాంకులు. ఇవే అంకెలు వస్తే ఇన్‌స్టలేషన్ బాగున్నట్టే.

ఆ ఉదాహరణ కోడ్ ఫైల్లో నాకు తెగ నచ్చిన లైను ఒకటుంది. జీఏ అనే ఏడాది పాస్ ఉన్నవాళ్లకు రైలు ఖర్చును సున్నా చేస్తుంది. 2023 డిసెంబరులో తెలంగాణలో ఆడవాళ్లకు ఉచిత బస్సు ప్రయాణమిచ్చే మహాలక్ష్మి పథకం వచ్చాక మన డేటాకు అచ్చంగా అదే పనికొచ్చింది. కాకపోతే ఆడవాళ్లకు ఉచితం పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో ఉంది, డీలక్స్‌లో లేదు. బస్సులన్నిటికీ ఒకటే కాలమ్ పెడితే కుదరదు.

అవైలబిలిటీ (ఆ మనిషికి ఏ వాహనం అందుబాటులో ఉందో 1, లేకపోతే 0 అని వేసే కాలమ్) దగ్గర మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. ఇంట్లో బండి ఉందని ఫారంలో టిక్ ఉంటుంది. పొద్దున ఎనిమిదింటికి దాన్ని కొడుకు తీసుకెళ్తాడు, కోడలికి షేర్ ఆటోనే గతి. ఆమె వరసలో బండికి 1 వేశారనుకోండి, చేతిలో బండి పెట్టుకుని వద్దనుకుందని మోడల్ నమ్మేస్తుంది. ఎర్రర్ రాదు, ఫలితం ఎంత నమ్మదగ్గదో చెప్పే టీ-విలువలు కూడా ముచ్చటగా ఉంటాయి. అందుకే "ఆ టైముకు బండి ఎవరి దగ్గరుంది?" అని ఫారంలోనే అడగండి.

మెనూలు, బటన్లు ఏవీ ఉండవు. పైథాన్ రానివాళ్లకు మొదట్లో చుక్కలే. వెర్షన్ మారితే పాత కోడ్‌లో కొన్ని పేర్లు మార్చుకోవాలి కాబట్టి థీసిస్ మధ్యలో అప్‌డేట్ జోలికి వెళ్లొద్దు. ఆర్ అనే ఇంకో ప్రోగ్రామింగ్ భాష అలవాటున్నవాళ్లకు ఇదే పని చేసే అపోలో ప్యాకేజీ ఉంది, అదీ ఉచితమే, దాని మాన్యువల్ ఓపిగ్గా రాశారు. నేనైతే బయోజీమ్‌కు ఐదుకు నాలుగున్నర వేస్తాను. కోత వేసిన అర మార్కు, కోడ్ అంటేనే టెన్షన్ పడే సివిల్ పిల్లల తరఫున.