వాన వెలిసిన మూడు గంటలకు ఆట: నెల్లూరు శివారు ఫుట్‌బాల్ గ్రౌండు, ఆరేళ్ల వాడకం తర్వాత

ఊరి చివర వరిమళ్లను ఆనుకుని ఉన్న ఈ చిన్న స్టేడియంలో ఆరేళ్లుగా పిల్లలకు ప్రాక్టీసు నడుస్తోంది. గ్యాలరీ ఒక్క వైపే. లైట్లున్నాయి, ఉసుళ్లు ముసరని రాత్రి హాయిగా ఆడుకోవచ్చు. వాటి గురించి ఇంతకంటే చెప్పేదేం లేదు. ఈ గ్రౌండు గొప్పదనమంతా నేల కింద ఉంది.

మన జిల్లాకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే. ఆ మూడు నెలల్లో చుట్టుపక్కల గ్రౌండ్లు ఒక్క వాన పడితే నాలుగు రోజులు గేదెలకు తప్ప పనికిరావు. ఇక్కడ నాలుగింటికి వాన వెలిస్తే ఏడింటికి బంతి దొర్లేది. ఈ గోలు నుంచి ఆ గోలు దాకా మధ్యలో వీపులా ఎత్తు చేసి, రెండు పక్కలకూ నూటికి ఒక వంతు వాలు ఇచ్చారు. వెడల్పు 64 మీటర్లు కాబట్టి నడిమి భాగం పక్కల కంటే 32 సెంటీమీటర్లు ఎత్తు. సైడు గీత మీద బోర్లా పడుకుని చూస్తే తప్ప తెలియదు. గరిక కింద అడుగు మందాన పెన్న ముతక ఇసుక, దాని కింద 20 ఎంఎం కంకరలో చిల్లుల పీవీసీ పైపులు. అన్నీ మూలనున్న సంపులోకి, అక్కడి నుంచి ఒక గొట్టం గుండా పంటకాలువలోకి.

తంటా అంతా ఆ చివరి గొట్టంతోనే.

2021 నవంబరులో పెన్న పొంగినప్పటి సంగతి వదిలేయండి, అప్పుడు మునగనిదేముంది. నేను చెప్పేది ఆ తర్వాత ఒక మామూలు వాయుగుండం గురించి. వాన తెల్లారేసరికి ఆగింది. పది గంటలకు చూస్తే కార్నర్ జెండాల దగ్గర నీళ్లు తగ్గకపోగా పెరిగాయి. సంపు మూత ఎత్తిన వాచ్‌మన్ అన్నాడు: "సార్, నీళ్లు పోతా లేవు, ఎనక్కి వస్తా ఉండాయి." నిజమే. కాలువ నిండి గొట్టం మునిగింది. ఎదురు నీరు రాకుండా చివర్న బిగించిన రేకు తలుపు సందులో గుర్రపుడెక్క వేళ్లు ఇరుక్కుని అది మూసుకోలేదు. ఇంకేముంది, కాలువే గ్రౌండుకు నీళ్లు పెట్టింది.

విరుగుడు రెండు పనులు. ఇసుక బస్తాలతో గొట్టం మూతి మూసేయడం, సంపులోకి ఆయిల్ ఇంజను పైపు దించి నీళ్లు కట్ట మీదుగా అవతలికి తోడేయడం. మొదటిది చేయకుండా రెండోది చేస్తే కాలువను తోడుతున్నట్టే. మేం మొదటి రెండు గంటలూ ఆ పనే చేశాం, డీజిలు దండగ.

నీళ్లు పోయాక కూడా తొందరపడకూడదు. మడమతో గట్టిగా నొక్కితే చుట్టూ నీరు ఊరుతోందంటే ఆట వద్దు. ఆ తడిలో ఒక్క మ్యాచ్ ఆడినా గోలు ముందు గరిక వేళ్లతో సహా లేస్తుంది. అక్కడ గుంట పడితే వీపు మీదే, అంటే అన్నిటికంటే ఎత్తయిన చోటే, నీళ్లు నిలుస్తాయి. ఎవరో మంచి చేద్దామని ఒక గోలు ముందు చెరువు మట్టి కొట్టించారు. బంకమట్టి ఇసుక మీద మూతలా పరుచుకుంది, కింద పైపులున్నా చుక్క దిగదు. అదంతా చెక్కి తీసి, నాలుగంగుళాల లోతున ఫోర్కుతో పొడిచి, అర సెంటీమీటరు మందాన ముతక ఇసుక చల్లాల్సి వచ్చింది. పది మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు చోటుకు పద్నాలుగు పదిహేను గమేళాలు పడుతుంది. సముద్రపు ఇసుక ఊరికే వస్తుందని తేవద్దు, అందులో ఉప్పు ఉంటుంది.

ఇంకొకటి, సభలకు అద్దెకిస్తారు. షామియానా గుంజలకు గడ్డపారతో రెండడుగులు తవ్వుతారు, పైపులేమో అడుగున్నరలోనే ఉన్నాయి. తూర్పు సగంలో ఎక్కడో ఒకటి పగిలింది, అటు వైపు ఇప్పుడు ఐదారు గంటలు పడుతోంది. పైన చెప్పిన మూడు గంటల లెక్క పడమటి సగానికి, అదీ కాలువ గొట్టం కంటే దిగువన ఉన్నప్పుడు.

మా ఇల్లు దగ్గర, సంపు తాళం మా దగ్గరే ఉంటుంది, పొద్దున్నే వెళ్లి రేకు తలుపు కదిపి చూసుకోగలం. అందుకే వేరే గ్రౌండుకు మారే ఆలోచన లేదు. కావలి నుంచో ఒంగోలు నుంచో బస్సు మాట్లాడుకుని వచ్చే జట్టయితే, బయల్దేరే ముందు ఫోను చేయండి. వాన పడిందా అని కాదు, కాలువ ఎంతవరకు ఉంది అని అడగండి.