ఇంటి సౌనాకు తేమ మీటర్ కొంటున్నారా? ఆ ఆకుపచ్చ పట్టీని నమ్మకండి

ఫిన్లాండ్‌లో ఇల్లు కొనుక్కున్న మనవాళ్ళకీ, హైదరాబాద్‌లో విల్లా కట్టుకుంటూ ఒక మూల సౌనా గది (హీటర్‌తో రాళ్ళని వేడిచేసి, వాటి మీద నీళ్ళు పోసుకుంటూ వేడిలో కూర్చునే చెక్క గది) పెట్టించుకుంటున్న వాళ్ళకీ ఈ హెచ్చరిక. ఆన్‌లైన్‌లో "సౌనా స్పెషల్" అని చెప్పి జంట డయళ్ళ మీటర్ ఒకటి అమ్ముతున్నారు. చుట్టూ ఇత్తడి రంగు అంచు, ఒక డయల్ ఉష్ణోగ్రతకి, ఇంకొకటి తేమకి. తేమ డయల్ మీద 40 నుంచి 60 శాతం దాకా ఆకుపచ్చ పట్టీ ఉంటుంది. పెట్టెలో వచ్చే కాగితంలో "ముల్లు ఆకుపచ్చ భాగంలోకి వచ్చేదాకా రాళ్ళ మీద నీళ్ళు పోస్తూ ఉండండి" అని ఉంటుంది. వేడెక్కిన సౌనాలో ఆ మాట పాటిస్తే ప్రాణం మీదకి వస్తుంది. అమ్మినవాళ్ళ పేరు ఇక్కడ రాయడం లేదు. ఇదే సరుకు రకరకాల పేర్లతో దొరుకుతోంది, కాబట్టి వస్తువుని గుర్తుపట్టడమే ముఖ్యం.

మేముండేది ఫిన్లాండ్‌లోని ఎస్పో ఊళ్ళో. 55 లక్షల జనాభా ఉన్న ఈ దేశంలో సౌనాలు 30 లక్షలకు పైనే ఉన్నాయి, మా ఇంటితోపాటు కూడా ఒకటి వచ్చింది. పోయిన చలికాలం మా అత్తగారూ మావయ్యగారూ వచ్చినప్పుడు, పెద్దవాళ్ళు కూర్చుంటారు కదా, అన్నీ కొలుచుకుని జాగ్రత్తగా ఉందామని ఈ మీటర్ తెప్పించాం. మావయ్యగారు బీపీ మాత్రలు వేసుకుంటారు. ఆయన చదివిన ఏ సూచననైనా అక్షరాలా పాటించే మనిషి. లోపల 80 డిగ్రీలు ఉంది. గరిటెడు నీళ్ళు పోసి ముల్లు వైపు చూశారు. అది కదల్లేదు. "అమ్మాయ్, ముల్లు ఇంకా పచ్చ దాకా రాలేదు, ఇంకో గరిటె పొయ్యనా?" అని లోపలి నుంచి అడిగారు. అప్పటికే ఆయన గొంతు మారింది. మావారు తలుపు తీసి బయటకి తీసుకొచ్చేసరికి ఆయనకి కళ్ళు తిరిగాయి, కాసేపు గోడ పట్టుకునే నిలబడ్డారు. నీళ్ళు తాగి, చల్లగాలికి కూర్చున్నాక తేరుకున్నారు. బల్ల మీద నుంచి ఒక్కసారిగా లేచి ఉంటే పక్కనే కాలుతున్న హీటర్ మీద పడేవారు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

ఆ పచ్చ పట్టీ ఎందుకు తప్పో చెప్తాను. 40 నుంచి 60 శాతం అనేది మనం కూర్చునే హాలుకీ, పడుకునే గదికీ సరిపోయే తేమ. గదుల్లో పెట్టుకునే మామూలు మీటర్ డయల్‌ని తెచ్చి, ఉష్ణోగ్రత అంకెలు పెంచి, సౌనా అని అచ్చు వేశారు. 20 డిగ్రీల దగ్గర ఒక క్యూబిక్ మీటరు గాలి మహా అయితే 17 గ్రాముల నీటి ఆవిరిని పట్టుకుంటుంది. 80 డిగ్రీల దగ్గర అదే చోటులో 290 గ్రాముల దాకా పడుతుంది. అందుకే 50 శాతం తేమ ఉన్న గది గాలిని 80 డిగ్రీలకి వేడి చేస్తే, ఒక్క చుక్క నీరు ఎటూ పోకపోయినా, తేమ శాతం 2, 3కి పడిపోతుంది. నీళ్ళు పోయకముందు సౌనాలో ఉండాల్సిన అంకె అది. చెక్కలో కాస్త తడి ఉంటే ఇంకొంచెం ఎక్కువ చూపించొచ్చు. నీళ్ళు పోసుకుంటూ హాయిగా కూర్చునే ఫిన్నిష్ సౌనాలో సాధారణంగా ఉండేది 10 నుంచి 20 శాతం.

80 డిగ్రీల్లో 40 శాతం అంటే ఏమవుతుందో చూడండి. అలాంటి గాలిలో 59 డిగ్రీల కంటే చల్లగా ఉన్న దేని మీదైనా ఆవిరి నీరుగా మారుతుంది. మన చర్మం అంతకంటే చాలా చల్లన. అంటే ఆవిరి నేరుగా ఒంటి మీదే నీరై, తనలోని వేడంతా ఒంట్లోకి దింపేస్తుంది. చెమట ఆరే దారి ఉండదు, ఒళ్ళు చల్లబడదు. పట్టీ చివరున్న 60 శాతం సంగతి చెప్పక్కర్లేదు. పుట్టినప్పటి నుంచి సౌనాలో కూర్చునే ఫిన్నిష్ వాళ్ళు కూడా అందులో ఉండలేరు. మా పక్కింటి పెద్దావిడకి ఆ కాగితం చదివి వినిపిస్తే, మా చేతుల్లోంచి తీసుకుని తనే రెండుసార్లు చదువుకున్నారు. ఆవిడ సౌనాలో థర్మామీటర్ తప్ప వేరే మీటర్ లేదు.

మావయ్యగారి సంగతి జరిగాక ఇదే మీటర్ కొన్న మా స్నేహితులని వాళ్ళది తెమ్మన్నాం. రెండిటినీ పక్కపక్కనే, ఒకే ఎత్తులో తగిలించి, నీళ్ళు పోయకుండా 80 డిగ్రీలకి వేడి చేశాం. మాది 18 చూపించింది, వాళ్ళది 44. రెండూ 5 లోపు ఉండాలి. పెట్టెలతో వచ్చిన "క్యాలిబ్రేషన్ సర్టిఫికెట్లు" (మీటర్ సరిగ్గా కొలుస్తోందని పరీక్షించి ఇచ్చే కాగితాలు) పక్కపక్కన పెట్టి చూస్తే ఒకే సీరియల్ నంబర్, ఒకే సంతకం, సంతకం చివర తోకలో ఒకే చోట ఒకే సిరా మరక. అంటే ఒక కార్డు నింపి ఫొటో తీసి, అన్ని పెట్టెల్లోకీ అచ్చు వేశారు.

మాది వెనక మూత విప్పి చూశాం. సన్నని లోహపు పట్టీని చుట్టలా చుట్టి, దాని మీద కాగితం లాంటి పొర అంటించారు. తేమ తగిలితే పొర సాగుతుంది, చుట్ట విచ్చుకుంటుంది, ముల్లు తిరుగుతుంది. గదిలో రమారమి అంకె తెలుసుకోడానికి ఇది చాలు. సౌనా వేడిలో మాత్రం ఆ పొర పెళుసుబారి జిగురు వదిలేస్తుంది. మాదాంట్లో ఒక చోట అప్పుడే లేచి ఉంది. పైగా దీనికి స్పందించడానికి చాలా సేపు పడుతుంది. మాది 2 మీటర్ల పొడవూ వెడల్పూ ఎత్తూ ఉన్న గది, అంటే 8 క్యూబిక్ మీటర్లు. 200 మిల్లీలీటర్ల గరిటెడు నీళ్ళు ఆవిరైతే లోపలి తేమ ఒక్కసారిగా 8 శాతం దాకా పెరిగి, గాలి మారేకొద్దీ నిమిషాల్లోనే మళ్ళీ తగ్గిపోతుంది. ముల్లు కదిలేలోపే ఆవిరి వచ్చీ పోతుంది. ముల్లు కోసం చూస్తూ పోసేవాళ్ళు పోస్తూనే ఉంటారు.

ఫిర్యాదు చేస్తే, ముందు వెనకున్న స్క్రూ తిప్పి సరిచేసుకోమన్నారు. అలాగే ఉప్పు పరీక్ష (ఎలాగో కింద చెప్తాను, అందులో 75 రావాలి) పెట్టి స్క్రూ తిప్పాం. 75 దగ్గర సరిగ్గా నిలబడింది, సౌనాలోకి తీసుకెళ్తే మళ్ళీ 30 పైనే. స్క్రూ ముల్లుని మొత్తంగా జరుపుతుందే తప్ప, కింది అంకెల దగ్గర ఒక తప్పు, పై అంకెల దగ్గర ఒక తప్పు ఉంటే రెండిటినీ కలిపి దిద్దలేదు. అది చెప్పాక "మీరు స్క్రూ తిప్పారు కాబట్టి వారంటీ పోయింది" అని జవాబు వచ్చింది. తిప్పమని రాసింది వాళ్ళే. ఆ మెయిల్ నా దగ్గర భద్రంగా ఉంది. గట్టిగా అడిగితే బదులుగా ఒక డిజిటల్ మీటర్ పంపారు. పెట్టె పైన సౌనా బొమ్మ, లోపలి కాగితంలో చిన్న అక్షరాలతో "పనిచేసే ఉష్ణోగ్రత: 50 డిగ్రీల వరకు". మా స్నేహితులు అది చదివేలోపే వాళ్ళబ్బాయి దాన్ని లోపల తగిలించాడు. స్క్రీన్ మొత్తం నల్లబడింది. ఇలాంటి వాటిలో ఉండే మామూలు బటన్ సెల్స్ చాలావరకు 60 డిగ్రీల దాకానే తట్టుకుంటాయి. ఆపైన కారొచ్చు, పగలొచ్చు. చిన్న పిల్లలున్న ఇంట్లో ఇది చిన్న విషయం కాదు.

మీ దగ్గర ఇప్పటికే ఏదో ఒక మీటర్ ఉంటే దాన్ని పరీక్షించడం తేలికే. సీసా మూతలో ఉప్పు వేసి, తడి ఇసుకలా అయ్యేంత నీళ్ళు మాత్రమే కలపండి. ఉప్పు మొత్తం కరిగిపోకూడదు. గాలి చొరబడని డబ్బాలో ఆ మూతనీ మీటర్‌నీ ఒకదానికొకటి తగలకుండా పెట్టి, ఎండా హీటరూ తగలని చోట రాత్రంతా ఉంచండి. పొద్దున డబ్బా తెరవకుండానే చూడండి, 75 శాతం చూపించాలి. అందరూ ఇక్కడితో ఆపేస్తారు. సౌనాకి అసలు కావల్సింది కింది అంకెలు, కాబట్టి ఇదే పరీక్ష మెగ్నీషియం క్లోరైడ్‌తో కూడా చేయండి, 33 శాతం రావాలి. స్నానపు నీళ్ళలో వేసుకునే రేకుల రూపంలో అది దొరుకుతుంది. ఎప్సమ్ సాల్ట్ వేరు, అది మెగ్నీషియం సల్ఫేట్, దానితో ఈ అంకె రాదు. రెండు చోట్లా తేడా ఒకేలా ఉంటే స్క్రూతో దిద్దుకోవచ్చు. ఒక చోట ఎక్కువ, ఒక చోట తక్కువ చూపిస్తే ఆ మీటర్ పనికిరాదు. చివరిగా, నీళ్ళు పోయని వేడి సౌనాలో కాసేపు ఉంచండి. ముల్లు అడుగుకి రాకపోతే మిగతా పరీక్షలు పాసైనా తీసి పక్కన పెట్టేయండి.

వెంట్రుకతో పనిచేసే మీటర్లు ఇంతకంటే మేలు. ఆ పద్ధతి 1783లో సోస్యూర్ అనే స్విస్ శాస్త్రవేత్త కనిపెట్టింది, ఇప్పటికీ మంచి డయళ్ళలో వాడుతున్నారు. వేడి పొడిగాలికి వెంట్రుక బిగుసుకుపోతుంది కాబట్టి అప్పుడప్పుడూ మీటర్‌ని తడిగుడ్డలో అరగంట నుంచి గంట చుట్టి ఉంచాలి. విప్పగానే 95 దగ్గర చూపించాలి, లేకపోతే స్క్రూతో అక్కడికి తేవాలి. కాగితపు చుట్ట ఉన్నదానికి మాత్రం ఈ తడిగుడ్డ వైద్యం చేయకండి, ఉన్న జిగురు కూడా ఊడిపోతుంది.

డిజిటల్ కావాలంటే సెన్సర్ వైరు చివర లోపల ఉండి, స్క్రీనూ బ్యాటరీ గది బయట ఉండే రకం తీసుకోండి. సెన్సర్ ఎన్ని డిగ్రీలు తట్టుకుంటుందో కాగితం మీద రాసి ఉండాలి, 100కి తక్కువైతే వద్దు. మేం చివరికి కొన్నది ఇలాంటిదే. యూకలిప్టస్, తారు వాసన నూనెలు నీళ్ళలో కలిపి పోసే అలవాటుంటే ఆ ఆవిరి సెన్సర్ మీద పేరుకుని అంకెలు జరిగిపోతాయి, ఉప్పు పరీక్ష మూడు నాలుగు నెలలకోసారైనా పెట్టాలి. మీటర్ ఏదైనా, పై బల్ల మీద కూర్చున్నవాళ్ళ తల ఎత్తులో తగిలించాలి. హీటర్ పైన వద్దు, తలుపు పక్కన వద్దు, నీళ్ళు చిందే చోట వద్దు. సౌనా అయిపోయాక తలుపు తెరిచి గది పూర్తిగా ఆరనివ్వండి.

హైదరాబాద్ వాళ్ళకి ఇంకో మాట. స్టీమ్ రూమ్‌కి కూడా ఇదే మీటర్ అంటగడుతున్నారు. అక్కడ 40, 45 డిగ్రీల్లో తేమ ఎలాగూ 100 దగ్గరే ఉంటుంది, దానికి మీటర్ దండగ. ఇన్‌ఫ్రారెడ్ కిరణాలతో ఒంటిని వేడిచేసే క్యాబిన్‌లో నీళ్ళే పోయరు, అక్కడా అవసరం లేదు.

మా డబ్బు ఇంకా రాలేదు, వినియోగదారుల సలహా విభాగానికి రాశాం. యూరప్‌లో ఆన్‌లైన్‌లో కొంటే, వస్తువు చేతికందిన దగ్గర్నుంచి 14 రోజుల్లో కారణం చెప్పకుండానే ఆర్డర్ రద్దు చేసుకోవచ్చు, అందుకే పరీక్షలు ఆ గడువులోపే చేసేయండి. స్క్రూ తిప్పకముందే ఉప్పు డబ్బాలో ముల్లు ఎక్కడుందో, వేడి సౌనాలో ఎక్కడుందో ఫొటోలు తీసుకోండి. ఇండియాలో కొన్నవాళ్ళు బిల్లూ ఫొటోలూ దగ్గర పెట్టుకుని వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. ఇదే మీటర్ ఇప్పటికే మీ గోడ మీద ఉంటే ఈ రోజే తీసేయండి, ముఖ్యంగా ఇంట్లో బీపీ, గుండె మందులు వాడే పెద్దవాళ్ళుంటే.