ప్లికర్స్ కార్డులతో రెండు సెమిస్టర్లు

"అర్థమైందా?" అని అడిగితే "అయింది మేడం" అని క్లాసంతా ఒక్క గొంతుతో అంటుంది. ఎంత అయిందో ఇంటర్నల్స్ పేపర్లు దిద్దేటప్పుడు గానీ తెలియదు. నేను ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో బీఎస్సీ మొదటి సంవత్సరం వాళ్లకి ఫిజిక్స్ చెబుతాను. పిల్లల్లో ఎక్కువమంది ఇంటర్ దాకా తెలుగు మీడియమే. 2021-22 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ అంతా ఇంగ్లీష్ మీడియం అయింది. దాంతో జవాబు తెలిసినా, తప్పు మాట్లాడతామేమోనన్న టెన్షన్‌తో నోరు విప్పరు. వీళ్లతో ఎలా చెప్పించాలా అని వెతుకుతుంటే ప్లికర్స్ అనే యాప్ దొరికింది.

ఇందులో ఫోన్ ఉండాల్సింది లెక్చరర్ దగ్గర మాత్రమే. పిల్లలకి తలా ఒక కాగితం కార్డు ఇస్తే చాలు, వాళ్ల డేటా ఖర్చు కాదు. కార్డు మధ్యలో నల్లటి గళ్ల బొమ్మ, నాలుగు వైపులా సన్న అక్షరాల్లో ఏ, బి, సి, డి ఉంటాయి. తమ జవాబు ఏదో ఆ అక్షరం పైకి వచ్చేలా కార్డు తిప్పి పట్టుకోవాలి. నేను ఫోన్ కెమెరాని బెంచీల మీదుగా నెమ్మదిగా తిప్పుతాను. ఎవరిది ఒప్పో ఎవరిది తప్పో పేర్లతో సహా స్క్రీన్ మీద కనిపిస్తుంది, ఒప్పు ఆకుపచ్చలో, తప్పు ఎరుపులో. ఏ రెండు కార్డుల గళ్లూ ఒకేలా ఉండవు కాబట్టి పక్కవాళ్లది చూసి తిప్పడం కుదరదు. తప్పు చెప్పినా ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు. నాకు బాగా నచ్చింది ఇదే.

కార్డులు ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. మామూలు సెట్‌లో 40, పెద్ద సెట్‌లో 63 ఉంటాయి. మా క్లాసులో 56 మంది కాబట్టి పెద్దదే ప్రింట్ తీయించాను. చాలాకాలం ఉంటాయని లామినేషన్ చేయిస్తే, ట్యూబ్‌లైట్ వెలుగు మెరిసి వెనక బెంచీల కార్డులు కెమెరాకి అందలేదు. రెండోసారి మామూలు కాగితం మీదే తీయించి, పాత నోట్‌బుక్ అట్టలకి అంటించాం. ఇప్పుడు చివరి బెంచీ కూడా బాగానే అందుతోంది. గళ్ల మీద వేళ్లు పడకుండా అంచులు పట్టుకోమని మాత్రం మొదట్లో రోజూ గుర్తు చేయాలి.

మొదటి వారం బోర్డు మీద ఒక ప్రశ్న రాశాను. నిట్టనిలువుగా పైకి విసిరిన బంతి, అన్నిటికన్నా పైకి చేరిన క్షణంలో దాని త్వరణం ఎంత? ఆ రోజు వచ్చిన 52 మందిలో 31 మంది సున్నా అన్నారు. ఆ పాఠం చెప్పి అప్పటికి రెండు రోజులే! నేను జవాబు చెప్పలేదు. మీ పక్కవాళ్లని ఒప్పించండి, తెలుగులోనే మాట్లాడుకోండి అన్నాను. మూడో బెంచీలో ఒకమ్మాయి, "సున్నా అయితే బంతి అక్కడే ఉండిపోవాలి కదే, మరి కిందికెందుకొస్తుంది?" అంది. పక్కమ్మాయి ఏమీ అనకుండా చేతిలో కార్డుని మెల్లగా తిప్పింది. రెండోసారి స్కాన్ చేస్తే 43 మంది సరిగ్గా చెప్పారు. వేగం సున్నా అయినా, కిందికి 9.8 త్వరణం అలాగే ఉంటుందని నేను వివరించాల్సింది కొద్దిగానే మిగిలింది.

ఈ పద్ధతిని పీర్ ఇన్‌స్ట్రక్షన్ అంటారు. హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ 1991లో మొదలుపెట్టారు. సరైన జవాబు చెప్పినవాళ్లు సుమారు 30 నుంచి 70 శాతం మధ్య ఉంటే పక్కవాళ్లతో చర్చ పెట్టాలి. అంతకన్నా తక్కువైతే మళ్లీ చెప్పాలి, ఎక్కువైతే ముందుకు వెళ్లాలి. ఈ లెక్క లేకపోతే కార్డులతో ఉత్త క్విజ్ నడుస్తుంది, అంతే.

నాలుగు జవాబుల ప్రశ్నలకి తప్ప ఇది పనికిరాదు. డెరివేషన్లు, లెక్కలు బోర్డు మీద చేయాల్సిందే. ఒక్కో ప్రశ్నకి ఏడెనిమిది నిమిషాలు పడుతుంది, అందుకే గంటకి రెండుకి మించి పెట్టను. సిలబస్ వెనకబడకుండా నోట్స్ ముందురోజే ఇచ్చేస్తున్నాను. అసలు కష్టమంతా ప్రశ్న తయారుచేయడంలో ఉంది. పిల్లలు నిజంగా పొరబడే జవాబులు నాలుగింటిలో ఉండాలి, లేకపోతే అందరూ ఒకే అక్షరం చూపిస్తారు.

రెండో సెమిస్టర్‌లో ఒకరోజు, బంతి పైకి వెళ్లడానికి ఎక్కువసేపు పడుతుందా, కిందికి రావడానికా అని అడిగాను. రెండూ సమానమన్నది నా జవాబు. 17వ నంబరు కార్డు అమ్మాయి మొదటి సెమిస్టర్ అంతా నాతో ఒక్క మాట మాట్లాడలేదు. ఆ రోజు కార్డు బెంచీ మీద పెట్టేసి లేచి, "మేడం, గాలి అడ్డుపడితే కిందికి రావడానికే ఎక్కువసేపు పడుతుంది కదా?" అంది. ఆ అమ్మాయి చెప్పింది నిజం. ఆ సాయంత్రమే ప్రశ్న తెరిచి, "గాలి నిరోధం లేదనుకుంటే" అని మొదట్లో చేర్చాను.