ప్రెషర్ వాషర్ ధార తగ్గిందా? పంపు మార్పించే ముందు ఇది చదవండి

అనంతపురంలో బోరు నీళ్లతో ప్రెషర్ వాషర్ (నీళ్లను జోరుగా చిమ్మి బండ్లు కడిగే మిషన్) వాడేవాళ్ల కోసం రాస్తున్నాను. నాకు 3,200 రూపాయలు పోయాయి, మీకు పోకూడదు.

కొన్న ఏడు నెలలకు మిషన్ ధార పడిపోయింది. మోటారు బాగానే తిరుగుతోంది, నీళ్లు మాత్రం ఒకసారి జోరుగా, ఒకసారి నీరసంగా వస్తున్నాయి. బైక్ మడ్‌గార్డు కింద మట్టి కూడా కదలలేదు. రిపేరు షాపుకు తీసుకుపోతే, మూత కూడా తీయకుండానే "పంపు పోయింది సార్" అన్నారు. వారంటీ ఉంది కదా అంటే, "మీ బోరు నీళ్లలో ఉప్పెక్కువ, వారంటీ వర్తించదు" అన్నారు. టెన్షన్‌లో సరే అన్నాను. రెండు రోజుల తర్వాత షాపులో నీళ్ల మోటారు నుంచి నేరుగా వచ్చే లైనుకు తగిలించి చూపించారు, ధార దూసుకుపోయింది. పాత పంపు ఇవ్వమంటే స్క్రాప్‌లో వేసేశామన్నారు. బిల్లు బదులు ఒక చీటీ చేతిలో పెట్టారు.

ఇంటికొచ్చి పెడితే మళ్లీ అదే నీరసం.

ఆ ఆదివారం మా మామ ఊరినుంచి వచ్చాడు. ఆయనకు చీనీ (బత్తాయి) తోట ఉంది, డ్రిప్పుతోనే పారిస్తాడు. కాసేపు చూసి, "ఏం అల్లుడూ, డ్రిప్పు ఫిల్టరు కడక్కపోతే నా చెట్లకే నీళ్లందవు. దీనికి ఫిల్టరు లేదా?" అన్నాడు. ఉంది. నీళ్ల పైపు తగిలించే చోట, నట్టు విప్పితే లోపల వేలి కొన అంత జాలీ. బయటికి లాగితే కన్నాలు కనబడలేదు, సున్నం పూసినట్టు తెల్లగా గట్టిపడి ఉంది, మధ్యలో ఎర్ర ఇసుక రేణువులు. గ్లాసు గోరువెచ్చని నీళ్లలో చెంచా నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) వేసి అందులో అరగంట ఉంచితే ఆ తెలుపంతా కరిగింది. నీళ్లు బయటికి చిమ్మే మూతి, అంటే నాజిల్ కన్నంలోనూ అదే పెచ్చు, సన్న సూదితో తీశాం. నాజిల్ ముట్టుకునే ముందు మాత్రం స్విచ్ ఆపి, ట్రిగ్గర్ నొక్కి లోపలి ప్రెషర్ వదిలేయండి. అది మరిచిపోతే చేతికి దెబ్బ తగులుతుంది.

సగం సమస్య తీరింది. మిగతా సగం మా కుళాయిదే. మిషన్ స్టిక్కర్ మీద నిమిషానికి ఆరున్నర లీటర్లు కావాలని రాసి ఉంది. 15 లీటర్ల బకెట్ పెట్టి చూస్తే నిండడానికి మూడున్నర నిమిషాలు పట్టింది, అంటే నిమిషానికి నాలుగు లీటర్ల పైచిలుకు. ట్యాంకు కుళాయికి పది అడుగుల ఎత్తులో ఉంది, ఆ ఎత్తుకు వచ్చే ఒత్తిడి 0.3 బార్ (బార్ అంటే ఒత్తిడి కొలత) మాత్రమే. పైగా సన్నటి పొడుగాటి పైపు. పంపుకు నీళ్లు చాలక గాలి లాగుతోంది, అందుకే ధార ఎగుడుదిగుడు. షాపులో మోటారు లైను మీద దూసుకుపోవడానికి కారణం ఇదే. ఇప్పుడు ట్యాంకు అడుగు నుంచి లావు పైపు వేసుకున్నాను, మిషన్ మునుపటిలా కొడుతోంది. కరెంటు వైరు కూడా చూసుకోండి. సన్నటి ఎక్స్‌టెన్షన్ బాక్సు పెడితే వోల్టేజీ పడిపోయి మోటారు బలం తగ్గుతుంది.

కొనబోయేవాళ్లూ, డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉండే బార్ అంకె గరిష్ఠం. మామూలుగా పనిచేసేటప్పటి ప్రెషర్ అంతకంటే తక్కువే ఉంటుంది, అది విడిగా ఎంతో అడగండి. కొన్న రోజే వారంటీ కార్డు మీద షాపు ముద్ర, తేదీ వేయించుకోండి.

రిపేరుకు ఇవ్వాల్సి వస్తే మీ ముందే విప్పమనండి. ఏ భాగం మార్చినా పాతది తిరిగిస్తామని ముందే చీటీలో రాయించుకోండి. వారంటీ వర్తించదంటే ఆ మాట కాగితం మీద ఇవ్వమనండి, నేను అడగనిది అదే. ఇప్పుడు నా దగ్గరున్న ఆ ఒక్క చీటీ ఫొటో తీసి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను.